గైడ్ డాగ్‌కి దారి తెలియదు.. మరి చూపు లేనివారిని ఎలా నడిపిస్తుంది? సర్వీస్ డాగ్‌ల ఎంపిక, ట్రైనింగ్ ఇలా ఉంటుంది

2001 సెప్టెంబర్ 11 ఉదయం. న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ నార్త్ టవర్, 78వ అంతస్తు. చూపు లేని మైఖేల్ హింగ్సన్ తన ఆఫీసులో ఉన్నారు. ఆయన టేబుల్ కింద రోసెల్ అనే లాబ్రడార్ హాయిగా నిద్రపోతోంది. ఒక్కసారిగా పై అంతస్తుల్లో విమానం ఢీకొట్టింది. బిల్డింగ్ ఊగిపోయింది. పొగ, కేకలు, ఎటు చూసినా గందరగోళం. ఆ పరిస్థితిలో హింగ్సన్, రోసెల్ ఇద్దరూ మెట్ల దారి పట్టారు. ఒకటీ రెండూ కాదు, 1,463 మెట్లు దిగి ప్రాణాలతో బయటపడ్డారు.

'కుక్క దారి చూపించి యజమానిని కాపాడింది' అని ఈ కథ ప్రపంచమంతా తిరిగింది. అయితే హింగ్సన్ మాత్రం తన ప్రసంగాల్లో ఇంకో మాట చెబుతుంటారు. మెట్లు ఎక్కడున్నాయో, ఎమర్జెన్సీలో ఏం చేయాలో ఆయన ముందే నేర్చుకుని పెట్టుకున్నారు. దారి ఆయనకు తెలుసు. ఆ దారిలో అడ్డం ఏమీ తగలకుండా చూసుకోవడం రోసెల్ పని. ఇద్దరూ ఎవరి పని వాళ్లు చేశారు.

సర్వీస్ డాగ్‌ల గురించి చాలామందికి తెలియని విషయం ఇదే. కుక్క డ్రైవర్ కాదు. ట్రాఫిక్ సిగ్నల్ చూసి రోడ్డు దాటించదు. 'బస్టాండుకు పద' అంటే తీసుకెళ్లదు. మరి ఏం చేస్తుంది? అందుకోసం ఎలాంటి కుక్కల్ని ఎంచుకుంటారు? రెండేళ్ల పాటు వాటికి ఏం నేర్పిస్తారు? సగం కుక్కలు మధ్యలోనే ఎందుకు వెనక్కి వెళ్లిపోతాయి? చూద్దాం.

సిగ్నల్ సంగతి మనిషిదే

గైడ్ డాగ్ ఒంటికి ఒక ప్రత్యేకమైన పట్టీ ఉంటుంది. దానికి పైకి లేచి ఉండే గట్టి పిడి ఉంటుంది. చూపు లేని వ్యక్తి ఎడమ చేత్తో ఆ పిడి పట్టుకుని నడుస్తారు. కుక్క ఆగినా, పక్కకు జరిగినా, నెమ్మదించినా ఆ కదలిక పిడి ద్వారా చేతికి తెలిసిపోతుంది.

ఎటు వెళ్లాలో మనిషి చెబుతారు. ముందుకు, ఎడమకు, కుడికి అని. ఇంటి నుంచి ఆఫీసుకు ఎన్ని సందులు దాటాలి, ఎక్కడ తిరగాలి అన్న లెక్క ఆ వ్యక్తి మనసులోనే ఉంటుంది. అందుకే గైడ్ డాగ్ తీసుకోవాలంటే ముందు తెల్లకర్రతో ఒంటరిగా తిరగడం వచ్చి ఉండాలని చాలా స్కూళ్లు అడుగుతాయి. 'కర్రతో తిరగలేను కాబట్టి కుక్క కావాలి' అంటే అక్కడ కుదరదు.

రోడ్డు దాటడమూ అంతే. కుక్కలకు ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా మనలాగా తెలియదు. సిగ్నల్ అర్థమూ తెలియదు. వాహనాల చప్పుడు విని, ఏ వైపు బండ్లు ఆగాయో, ఏ వైపు కదిలాయో గమనించి 'ఇప్పుడు దాటొచ్చు' అని నిర్ణయించుకునేది మనిషి. ఆ నిర్ణయం తప్పైతే అడ్డుకోవడం కుక్క వంతు. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. దాని గురించి కాస్త ముందుకెళ్లాక మాట్లాడుకుందాం.

యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం..

పద్ధతిగా గైడ్ డాగ్‌లకు శిక్షణ ఇచ్చే స్కూల్ మొదట జర్మనీలో వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువుల వల్ల, గాయాల వల్ల వేలమంది సైనికులు చూపు కోల్పోయారు. వారి కోసం 1916లో ఓల్డెన్‌బర్గ్ పట్టణంలో డాక్టర్ గెర్హార్డ్ స్టాలింగ్ ఒక స్కూల్ పెట్టారు. తర్వాత 1923లో పోట్స్‌డామ్‌లో మరొకటి వచ్చింది.

ఆ పోట్స్‌డామ్ స్కూల్‌ను చూసి వచ్చిన డొరోతీ యూస్టిస్ అనే అమెరికన్ మహిళ 1927 నవంబర్‌లో ఓ అమెరికా పత్రికలో వ్యాసం రాశారు. ఆమె అప్పటికి స్విట్జర్లాండ్‌లో కుక్కల్ని పెంచుతున్నారు. అమెరికాలోని నాష్‌విల్‌లో మోరిస్ ఫ్రాంక్ అనే చూపు లేని కుర్రాడికి ఆ వ్యాసాన్ని తండ్రి చదివి వినిపించారు. అంతే.. తనకూ అలాంటి కుక్క కావాలని, తర్వాత తనలాంటి వాళ్లకు ఇక్కడే నేర్పిస్తానని ఫ్రాంక్ ఆమెకు ఉత్తరం రాశాడు. 1928లో స్విట్జర్లాండ్ వెళ్లి ఓ జర్మన్ షెపర్డ్‌తో ట్రైనింగ్ తీసుకున్నాడు. దాని అసలు పేరు కిస్. పదిమందిలో 'కిస్' అని పిలవడం బాగోదని బడ్డీ అని మార్చేశాడు!

తిరిగొచ్చాక న్యూయార్క్‌లో విలేకరుల కళ్ల ముందే బడ్డీతో కలిసి రద్దీగా ఉండే వెస్ట్ స్ట్రీట్ దాటి చూపించాడు. యూస్టిస్‌కు టెలిగ్రామ్ కొట్టాడు. అందులో ఉన్నది ఒకే ఒక్క మాట.. సక్సెస్. 1929 జనవరిలో 'ది సీయింగ్ ఐ' సంస్థ పుట్టింది. న్యూజెర్సీలో ఇప్పటికీ అది నడుస్తోంది. బ్రిటన్‌లో 1931లో నాలుగు కుక్కలతో మొదలైంది. వాటి పేర్లు జూడీ, ఫ్లాష్, ఫోలీ, మేటా.

పౌరుషం ఉన్న కుక్క పనికిరాదు

మనకు బాగా తెలిసినవి పోలీసు జాగిలాలు. మొయినాబాద్‌లో తెలంగాణ పోలీసుల శిక్షణ కేంద్రం నుంచి వచ్చే డాగ్ స్క్వాడ్ అయినా, గ్వాలియర్ దగ్గర టేకన్‌పూర్‌లో బీఎస్ఎఫ్ తయారు చేసే జాగిలాలైనా వాటికి ఉండాల్సింది వేట కసి. వాసన తగిలితే వదలకూడదు. వెంటపడితే ఆగకూడదు.

సర్వీస్ డాగ్‌కి సరిగ్గా దీనికి తిరగేసిన లక్షణాలు కావాలి. పిల్లి కనపడినా పట్టించుకోకూడదు. ఇంకో కుక్క మొరిగినా తల తిప్పకూడదు. ఎవరో తోక తొక్కినా కరవకూడదు. హోటల్లో టేబుల్ కింద గంటసేపు కదలకుండా పడుకోవాలి. అంటే ఇంట్లో కాపలాకు 'ఇదేం కుక్కండీ బాబూ' అనిపించేదే ఇక్కడ బంగారం అన్నమాట. కాపలా బుద్ధి ఎక్కువున్న కుక్క, తన యజమాని దగ్గరకు వచ్చిన ప్రతి మనిషినీ అనుమానంగా చూస్తుంది. కింద పడిపోయిన యజమానికి సాయం చేయడానికి అంబులెన్స్ వాళ్లు వచ్చినా రానివ్వదు. అది ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

అందుకే లాబ్రడార్‌లు, గోల్డెన్ రిట్రీవర్‌లు, ఈ రెండింటి సంకరం ఎక్కువగా కనిపిస్తాయి. జర్మన్ షెపర్డ్‌లూ ఉన్నాయి. కుక్క వెంట్రుకలు పడనివారికి పూడిల్‌లు. ఇప్పుడు హైదరాబాద్‌లోనూ మార్కెట్లో వినపడే 'లాబ్రడూడుల్' పేరు వెనక ఉన్నది కూడా గైడ్ డాగే. 1989లో ఆస్ట్రేలియా గైడ్ డాగ్ సంస్థలో పని చేసే వాలీ కాన్రన్‌కు హవాయి నుంచి ఒక అభ్యర్థన వచ్చింది. చూపు లేని ఆమెకు గైడ్ డాగ్ కావాలి, భర్తకేమో కుక్కలంటే అలర్జీ. కాన్రన్ లాబ్రడార్‌ని, పూడిల్‌ని కలిపారు. ఆ ఈతలో పుట్టిన సుల్తాన్ అనే కుక్క హవాయి వెళ్లి గైడ్‌గా పనిచేసింది. తర్వాత ఆ పేరుకు వచ్చిన క్రేజ్ చూసి, డబ్బు కోసం ఎవరికి వారు ఎడాపెడా సంకరాలు చేస్తుంటే, అసలెందుకు మొదలుపెట్టానా అని కాన్రనే బాధపడ్డారు.

జాతి మంచిదైతే చాలదు. ఒకే ఈతలో పుట్టిన ఎనిమిది పిల్లల్లో ఎనిమిదీ ఎనిమిది రకాలు. ఏడెనిమిది వారాల వయసులోనే చిన్న చిన్న పరీక్షలు పెడతారు. దగ్గర్లో గిన్నె కింద పడేస్తారు. ఠక్కున గొడుగు తెరుస్తారు. ఇనుప జల్లెడ లాంటి నేల మీద నడిపిస్తారు. కొత్త మనిషి దగ్గర వదిలేస్తారు. ఇక్కడ చూసేది పిల్ల భయపడిందా లేదా అని కాదు. చప్పుడుకు ఉలిక్కిపడటం సహజం. ఉలిక్కిపడ్డాక ఎంతసేపట్లో తేరుకుంది, తేరుకుని ఆ గిన్నె దగ్గరకు వెళ్లి వాసన చూసిందా, లేక మూలకు పోయి నక్కిందా.. ఇదీ లెక్క.

తర్వాత ఆరోగ్యం. తుంటి కీళ్లు, మోచేతి కీళ్లు ఎక్స్‌రే తీస్తారు. లాబ్రడార్‌లలో తుంటి కీలు సరిగా కుదరని సమస్య ఎక్కువ. కంటి పరీక్షలు, గుండె పరీక్షలు, చర్మ అలర్జీలు అన్నీ చూస్తారు. రెండేళ్లు కష్టపడి నేర్పాక మూడో ఏట కుంటితే, నష్టపోయేది దాని మీద ఆధారపడిన మనిషి కదా.

తిండి యావ కూడా ఒక అర్హతే!

వినడానికి తమాషాగా ఉన్నా ఇది నిజం. లాబ్రడార్‌లు ఎప్పుడూ ఆకలిగా ఎందుకుంటాయో తెలుసుకోవడానికి కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ పరిశోధకులు 2016లో ఒక జన్యువును పరిశీలించారు. కడుపు నిండిందన్న సంకేతానికి సంబంధించిన ఆ జన్యువులో కొంత భాగం లేకపోవడం మామూలు లాబ్రడార్‌లలో దాదాపు నాలుగో వంతు కుక్కల్లో కనిపించింది. అదే దివ్యాంగులకు సాయపడే లాబ్రడార్‌లలో చూస్తే 76 శాతం! తిండి మీద ఆశ ఉన్న కుక్క బిస్కెట్ ముక్క కోసం త్వరగా నేర్చుకుంటుంది. అలా త్వరగా నేర్చినవాటినే ఎంచుకుంటూ పోతే, తెలియకుండానే తిండిపోతులంతా ఒక చోట చేరాయని అనుకోవచ్చు. అయితే ఇందులో ఇంకో చిక్కు ఉంది. రోడ్డు మీద పడి ఉన్న ఎంగిలి విస్తరి దగ్గర ఆగిపోయే కుక్క గైడ్‌గా పనికిరాదు. ఆశ ఉండాలి, అదుపూ ఉండాలి.

తల్లి పెంపకం మీద మరో ఆసక్తికరమైన పరిశోధన 2017లో వచ్చింది. పెన్సిల్వేనియా యూనివర్సిటీకి చెందిన ఎమిలీ బ్రే బృందం 'ది సీయింగ్ ఐ'లో పుట్టిన 98 పిల్లల్ని, వాటి 23 మంది తల్లుల్ని మొదటి వారాల నుంచి వీడియోల్లో గమనించింది. పడుకుని పాలిచ్చే తల్లి దగ్గర పిల్లలకు పాలు సులువుగా అందుతాయి. కూర్చునో నిలబడో ఇచ్చే తల్లి దగ్గర అందుకోవడానికి కాస్త పెనుగులాడాలి. పెద్దయ్యాక గైడ్ డాగ్‌లుగా నెగ్గినవాటిలో ఈ రెండో రకం తల్లుల పిల్లలే ఎక్కువ. ఎప్పుడూ పిల్లల్ని అంటిపెట్టుకుని, నాకుతూ, చుట్టూ తిరిగే తల్లుల పిల్లలు ఎక్కువగా ఫెయిల్ అయ్యాయి. మన ఇళ్లలో గారాబం గురించి అమ్మమ్మలు అనే మాటలు గుర్తొస్తే అది మీ తప్పు కాదు. అయితే ఇది కుక్కల మీద చేసిన స్టడీ అని మర్చిపోకూడదు.

అదే బ్రే 2021లో ఇంకో 375 పిల్లల్ని పరీక్షించారు. ఎనిమిది వారాల పిల్ల, ఏ శిక్షణా లేకుండానే, మనిషి వేలు చూపిన వైపు వెళ్తుంది. పిల్లకూ పిల్లకూ మధ్య ఈ విషయంలో కనిపించే తేడాలో 40 శాతానికి పైగా పుట్టుకతో వచ్చిందేనని తేలింది.

ఏడాదికి పైగా వేరే ఇంట్లో..

ఎంపికైన పిల్లను దాదాపు ఎనిమిది వారాల వయసులో ఒక వాలంటీర్ కుటుంబానికి ఇస్తారు. ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు అక్కడే పెరుగుతుంది. ఈ కుటుంబం దానికి రోడ్డు దాటడం నేర్పదు. లోకం చూపిస్తుంది. లిఫ్ట్, బస్సు, రైలు, మార్కెట్, పెళ్లి హాలు, టోపీ పెట్టుకున్న మనిషి, ఏడ్చే చంటిబిడ్డ, బాణాసంచా. మూడు వారాల నుంచి దాదాపు మూడు నెలల వరకు కుక్కపిల్ల చూసినవి దాని మనసులో 'ఇవి మామూలే' అని ముద్ర పడతాయి. ఆ వయసులో ఏమీ చూడని కుక్క పెద్దయ్యాక ప్రతిదానికీ బెదురుతుంది.

ఇందులో జైళ్లు కూడా భాగమయ్యాయి. న్యూయార్క్‌లో 1997లో మొదలైన 'పప్పీస్ బిహైండ్ బార్స్' సంస్థ ఖైదీల చేత కుక్కపిల్లల్ని పెంచిస్తోంది. ఖైదీకి రోజంతా టైమ్ ఉంటుంది. కుక్కపిల్లకు కావాల్సింది కూడా అదే.

ఇంత పెంచి, ఓ రోజు ఆ కుక్కను తిరిగి ఇచ్చేయాలి. ఏడవని ఇల్లు ఉండదు. అయినా చాలామంది మళ్లీ ఇంకో పిల్లను తెచ్చుకుంటారు.

'వద్దు' అనడం నేర్పడమే అసలు కష్టం

స్కూల్‌కి తిరిగొచ్చాక నాలుగు నుంచి ఆరు నెలల పాటు అసలు ట్రైనింగ్. ఫుట్‌పాత్ అంచు రాగానే ఆగాలి. మెట్ల ముందు ఆగాలి. గుంత ఉంటే చుట్టూ తిప్పాలి. వీటిలో కష్టమైనది తల ఎత్తులో ఉండే అడ్డంకి. కిందికి వంగిన చెట్టు కొమ్మ కింద నుంచి కుక్క హాయిగా వెళ్లిపోగలదు. తన వెనక వచ్చే ఆరడుగుల మనిషి ముఖానికి తగులుతుందని అది ఆలోచించాలి. తన ఎత్తును, వెడల్పును కాకుండా మనిషి ఎత్తును, వెడల్పును లెక్కేసుకోవడం నేర్పడానికి వారాలు పడుతుంది. చివర్లో ట్రైనర్లు తమ కళ్లకు గంతలు కట్టుకుని కుక్కతో నడుస్తారు. ఫైనల్ ఎగ్జామ్ అన్నమాట.

ఇక అన్నిటికన్నా పెద్ద పాఠం.. మాట వినకపోవడం! వినడానికి విచిత్రంగా ఉంటుంది. అప్పటిదాకా చెప్పిన ప్రతి మాటా వినాలని నేర్పి, ఇప్పుడు అవసరమైతే వినొద్దని నేర్పుతారు. మనిషి 'ముందుకు' అన్నాడు. ఎదురుగా బండి వస్తోంది. లేదా రైల్వే ప్లాట్‌ఫామ్ అంచు ఉంది. అప్పుడు కుక్క కదలకూడదు. మనిషి రెండోసారి, మూడోసారి చెప్పినా, కోప్పడినా కదలకూడదు. అవసరమైతే అడ్డంగా నిలబడి వెనక్కి నెట్టాలి. దీన్నే తెలివైన ధిక్కారం అంటారు.

దీన్ని ఎలా నేర్పుతారంటే, ట్రైనింగ్ సంస్థ మనుషులే కారు నడుపుతూ వచ్చి కావాలనే దారికి అడ్డం తిప్పుతారు. కుక్క వెనక్కి తగ్గితే మెచ్చుకుంటారు. వేగం మార్చి, దిశ మార్చి, మలుపుల్లోంచి వచ్చి మళ్లీ మళ్లీ చేస్తారు. చప్పుడు లేని ఎలక్ట్రిక్ కార్లు వచ్చాక వాటితోనూ చేస్తున్నారు. ఎందుకంటే ఆ కారు రావడం చెవులతో తెలుసుకోవడం మనిషికి కష్టం. అప్పుడు కుక్క కళ్లే దిక్కు.

భయపడే కుక్కకు ఈ పాఠం రాదు. తిడతారేమోనని యజమాని చెప్పిందల్లా చేసే కుక్క, ప్రమాదంలోకి కూడా అంతే బుద్ధిగా నడిచేస్తుంది. కొట్టి నేర్పిన కుక్క గైడ్ కాలేదనడానికి కారణం ఇదే. తనకు తానుగా నిర్ణయం తీసుకునే ధైర్యం ఉండాలి, ఆ ధైర్యం మొండితనం కాకూడదు. ఈ రెండింటి మధ్య సన్నని గీత మీద నిలబడే కుక్కలు తక్కువ. చాలా సంస్థల్లో దాదాపు సగం కుక్కలు చివరిదాకా రాలేకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఇలా బయటకు వచ్చినవాటిని ఫెయిల్ అనరు, 'కెరీర్ మార్చుకున్నాయి' అంటారు. కొన్ని వాసన పట్టే పనులకు వెళ్తాయి, కొన్ని పెంచిన ఇంటికే తిరిగి వెళ్లిపోతాయి.

ఏది నెగ్గుతుందో ముందే తెలిస్తే బోలెడు డబ్బు, టైమ్ మిగులుతాయి. అందుకే 2017లో అమెరికాలోని ఎమరీ యూనివర్సిటీలో గ్రెగరీ బర్న్స్ బృందం కుక్కల్ని మెలకువగానే ఎంఆర్ఐ మెషిన్‌లో కదలకుండా పడుకోవడం నేర్పి మెదడు స్కాన్ చేసింది. ఫెయిల్ అయ్యే కుక్కల్ని ముందే గుర్తించడం 47 శాతం నుంచి 67 శాతానికి పెరిగింది. మెరుగే. కానీ మెషిన్ చూసి చెప్పేసేంత సులువైతే కాదని దీంతో తెలుస్తోంది.

జోడీ కుదరాలి

తయారైన కుక్కను క్యూలో ముందున్న వాళ్లకు ఇచ్చేయరు. ఆ వ్యక్తి ఎంత వేగంగా నడుస్తారు? ఎత్తెంత? పల్లెలో ఉంటారా, సిటీలోనా? రోజూ ఆఫీసుకు వెళ్లే మనిషా, ఇంటిపట్టున ఉండే పెద్దావిడా? చురుకైన కుక్కను మెల్లగా నడిచేవారికి ఇస్తే ఇద్దరికీ నరకమే. జోడీ చూశాక రెండు నుంచి నాలుగు వారాలు ఇద్దర్నీ కలిపి ట్రైనింగ్ ఇస్తారు. ఈసారి ఎక్కువగా నేర్చుకోవాల్సింది మనిషి. కుక్క 'వద్దు' అని ఆగినప్పుడు దాన్ని నమ్మడం ఆయనకూ కొత్తే కదా.

ఒక కుక్క తయారవ్వడానికి అయ్యే ఖర్చు లక్షల రూపాయల్లోనే ఉంటుంది. అయినా మంచి సంస్థలు ఆ భారం దివ్యాంగుల మీద వేయవు, విరాళాలతో నడుస్తాయి. 'ది సీయింగ్ ఐ' మొదటి కుక్కకు తీసుకునేది 150 డాలర్లే.

చూపు ఒక్కటే కాదు..

1975లో కాలిఫోర్నియాలో బోనీ బెర్గిన్ మరో దారి తెరిచారు. వీల్‌చైర్‌లో ఉన్నవారికి కుక్క ఎందుకు సాయపడకూడదన్నది ఆమె ఆలోచన. అలా 'కెనైన్ కంపానియన్స్' పుట్టింది. కింద పడిన తాళాలు, ఫోన్ తీసి చేతికివ్వడం, తలుపుకు కట్టిన తాడు లాగి తెరవడం, లైట్ స్విచ్ వేయడం, సాక్సులు లాగడం.. ఇవన్నీ చేస్తాయి. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఫోన్ కింద పడిపోతే అది మామూలు మనిషికి చిన్న విషయం. వంగలేని మనిషికి సాయంత్రం ఎవరైనా వచ్చేదాకా ఎదురుచూపే.

వినికిడి లోపం ఉన్నవారి కుక్కలు కాలింగ్ బెల్, కుక్కర్ విజిల్, పసిబిడ్డ ఏడుపు లాంటివి విని, వచ్చి కాలితో తట్టి, ఆ చప్పుడు దగ్గరకు తీసుకెళ్తాయి. దీనికి పెద్ద జాతి కుక్కలే కావాలని లేదు. కొన్ని సంస్థలు దిక్కులేని కుక్కల ఆశ్రమాల నుంచి చురుకైనవాటిని ఏరుకుని నేర్పిస్తాయి.

మూర్ఛ వ్యాధి విషయంలో మాత్రం జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. ఫిట్స్ వచ్చినప్పుడు పక్కనే ఉండటం, మొరిగి ఇంట్లోవాళ్లను పిలవడం, అలారం బటన్ నొక్కడం నేర్పొచ్చు. ఫిట్స్ రాబోతోందని ముందే చెప్పడం కొన్ని కుక్కలకు వాటంతట అవే వస్తుంది, దాన్ని గ్యారంటీగా నేర్పిస్తామంటే నమ్మడానికి లేదు. షుగర్ పడిపోవడాన్ని వాసనతో గుర్తుపట్టే కుక్కలూ ఉన్నాయి. అయితే వాటి కచ్చితత్వం కుక్కను బట్టి మారుతుంది కాబట్టి గ్లూకోమీటర్ పక్కన పెట్టేయకూడదు.

జాకెట్ వేస్తే సర్వీస్ డాగ్ అయిపోదు

అమెరికాలో దివ్యాంగుల చట్టం ప్రకారం సర్వీస్ డాగ్ అంటే, వైకల్యానికి సంబంధించిన ఒక నిర్దిష్టమైన పని కోసం శిక్షణ పొందిన కుక్క. పక్కన ఉంటే మనసుకు బాగుంటుంది అంటే చాలదు. షాపువాళ్లు రెండే ప్రశ్నలు అడగొచ్చు. వైకల్యం వల్ల ఈ కుక్క అవసరమా? ఇది ఏ పని నేర్చుకుంది? జబ్బు ఏంటని అడగకూడదు, కాగితాలు అడగకూడదు. కుక్క అదుపు తప్పితే మాత్రం బయటకు పంపొచ్చు.

ఈ మంచి ఏర్పాటును కొందరు వాడేసుకున్నారు. ఆన్‌లైన్‌లో 'సర్వీస్ డాగ్' జాకెట్లు, ఐడీ కార్డులు కొని మామూలు పెంపుడు కుక్కల్ని మాల్స్‌లోకి, విమానాల్లోకి తీసుకొచ్చారు. ఆ కార్డులకు అక్కడ చట్టపరంగా ఏ విలువా లేదు. శిక్షణ లేని కుక్క ఒక్కసారి మీద పడి కరిస్తే, నిజమైన గైడ్ డాగ్ ఆ భయంతో మళ్లీ పనికి రాకుండా పోవచ్చు. ఒక మనిషి మళ్లీ కర్రతో మొదలుపెట్టాలి, కొత్త కుక్క కోసం నెలల తరబడి ఆగాలి. విమానాల్లో ఈ గొడవ ఎక్కువయ్యాక 2020 డిసెంబర్‌లో అక్కడి రవాణా శాఖ రూల్ మార్చింది. మానసిక ఊరట కోసం తెచ్చుకునే జంతువుల్ని సర్వీస్ డాగ్‌లుగా చూడాల్సిన పని లేదని చెప్పింది. జపాన్‌లో పద్ధతి వేరు. 2002లో ప్రత్యేక చట్టం తెచ్చి, చూపు, కదలిక, వినికిడి.. ఈ మూడు రకాల కుక్కలకు గుర్తింపు ఇచ్చి, బస్సులు, హోటళ్లలోకి అనుమతించాల్సిందేనని రాసేశారు.

మరి మన రోడ్ల మీద?

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో దివ్యాంగులు 2.68 కోట్ల మంది. అందులో చూపు లోపం ఉన్నవారే 50 లక్షలు. అయినా హైదరాబాద్‌లోనో విజయవాడలోనో గైడ్ డాగ్‌తో నడిచే మనిషి కనిపించడం చాలా అరుదు. దీనికి డబ్బు ఒక్కటే కారణం అనుకుంటే పొరపాటు.

గైడ్ డాగ్ నేర్చుకునే మొదటి పాఠమే ఫుట్‌పాత్ అంచు దగ్గర ఆగడం. మన దగ్గర చాలా వీధుల్లో ఆ అంచే ఉండదు. ఫుట్‌పాత్ ఉన్నచోట బండ్లు, టిఫిన్ సెంటర్, ట్రాన్స్‌ఫార్మర్. లేనిచోట రోడ్డు అంచు మట్టిలో కలిసిపోతుంది. మూత లేని మ్యాన్‌హోల్ సరేసరి. రాంగ్ రూట్‌లో వచ్చే బైక్ ఇంకో సమస్య. ట్రాఫిక్ చప్పుడు విని దిశ పసిగట్టే పద్ధతి, బండ్లన్నీ ఒక పద్ధతిలో నడిచే చోట పుట్టింది.

వీధి కుక్కల సంగతి మరీ పెద్దది. తమ వీధిలోకి కొత్త కుక్క అడుగుపెడితే గుంపుగా మీదకు వస్తాయి. పట్టీలో ఉన్న గైడ్ డాగ్ ఎదురు తిరగకూడదు, పారిపోకూడదు, దాన్ని పట్టుకున్న మనిషికి ఏం జరుగుతోందో కనపడదు. ఇది ఊహించుకుంటేనే గుండె జారుతుంది. దానికి తోడు ఎండలు. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల మే నెల మధ్యాహ్నం తారు రోడ్డు మీద కుక్క పాదాలు కాలిపోతాయి. లాబ్రడార్ చలి దేశం కుక్క.

ఇక చట్టం. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 బహిరంగ ప్రదేశాలు అందరికీ అందుబాటులో ఉండాలని గట్టిగానే చెబుతోంది. కానీ హోటల్ గేటు దగ్గర వాచ్‌మన్ 'కుక్కను లోపలికి రానివ్వం' అంటే, జపాన్‌లో లాగా అక్కడికక్కడ చూపించి లోపలికి వెళ్లగలిగే స్పష్టమైన ఏర్పాటు కావాలి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్లలో మామూలు పెంపుడు కుక్కలకే రోజూ గొడవలు జరుగుతున్నాయి కదా.

ఈలోపు ఇక్కడ పనికొచ్చేవి వేరే ఉన్నాయి. తెల్లకర్రతో తిరగడంలో సరైన శిక్షణ వాటిలో మొదటిది. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి లాంటి చోట్ల చూపు తిరిగి రాని వారికి పునరావాస విభాగం ఉంది. ఐఐటీ ఢిల్లీ తయారు చేసిన స్మార్ట్‌కేన్ 2014లో వచ్చింది. మామూలు కర్రకు తగిలించే ఈ పరికరం మోకాలి పైన ఉండే అడ్డంకుల్ని శబ్ద తరంగాలతో పసిగట్టి, పిడిలో వైబ్రేషన్ ఇస్తుంది. కర్రకు తగలని చెట్టు కొమ్మ, లారీ వెనక భాగం లాంటివి దీనితో తెలుస్తాయి. ఎవరైనా 'ట్రైనింగ్ ఇచ్చిన సర్వీస్ డాగ్' అని లక్షలు అడిగితే.. అది ఏ పనులు చేస్తుందో మీ వీధిలోనే చేసి చూపించమనాలి, తుంటి ఎక్స్‌రే అడగాలి, కొన్నాక కొన్ని వారాల పాటు ఇద్దరికీ కలిపి శిక్షణ ఇస్తారో లేదో కనుక్కోవాలి. జాకెట్ చూసి డబ్బులివ్వకూడదు.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పిల్లల దగ్గరకు వెళ్లిన అమ్మానాన్నలకు మాల్‌లోనో, ఫ్లైట్‌లోనో ఇలాంటి కుక్క ఎదురవుతుంటుంది. ముద్దొచ్చినా తల నిమరకూడదు, పిలవకూడదు, చేతిలో బిస్కెట్ ఉంటే చూపించకూడదు. మనవడు పరిగెత్తబోతే ఆపాలి. అది డ్యూటీలో ఉంది. ఆ వ్యక్తికి సాయం కావాలనిపిస్తే ఆయన్నే అడగాలి. పట్టీ పట్టుకుని లాగకూడదు. సాయంత్రం ఇంటికెళ్లి ఆ పట్టీ తీసేశాక అది కూడా బంతి కోసం పరిగెత్తే మామూలు కుక్కే. ఎనిమిది, పదేళ్ల వయసుకు రిటైర్ అవుతుంది. చాలామంది యజమానులు దాన్ని ఇంట్లోనే ఉంచుకుంటారు. కుదరనప్పుడు చిన్నప్పుడు పెంచిన కుటుంబం వచ్చి తీసుకెళ్తుంది.